కండరం గుట్టు విప్పిన మన సుబ్బారావు

బెల్లు మోగగానే మనం మైదానంలోకి పరుగు తీస్తాం. మెదడు పంపిన కబురు నరం గుండా కాలికి చేరుతుంది. నరం కొస కండరాన్ని కలిసే చోట ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం విడుదలై, కండరం ముడుచుకుంటుంది. మరి ఆ క్షణంలో దానికి శక్తి ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు కనుగొన్నవారిలో ఒక తెలుగువారున్నారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. అది శస్త్రచికిత్స ఆచార్యుడికి నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువుకుంటూ, పొట్టపోసుకోవడానికి రాత్రిళ్ళు ఆసుపత్రిలో చిన్న పనులు చేశారు. తర్వాత సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనలో చేరారు. నీలిరంగు చిక్కదనాన్ని బట్టి శరీర ద్రవాల్లోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు.

అదే పద్ధతితో కండరాన్ని పరీక్షించినప్పుడు ఒక వింత కనబడింది. రంగు రావలసినంత త్వరగా రాలేదు, మెల్లమెల్లగా చిక్కబడింది. పరీక్షలో ఏదో తేడా వచ్చిందని వాళ్ళు వదిలేయలేదు. భాస్వరం క్రియాటిన్‌తో జతకట్టి ఉందనీ, ఆ జత ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతోందనీ తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని విద్యుత్తుతో పనిచేయిస్తే అది తగ్గింది, విశ్రాంతినిస్తే మళ్ళీ పెరిగింది. కండరం కదలికకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అప్పట్లో నమ్మేవారు. ఆ దారిలో పరిశోధించిన హిల్, మయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడా దక్కింది. 1927లో వెలువడిన ఈ ఫలితంతో ఆ నమ్మకం సడలింది. 1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరంలో ఏ.టి.పి.ని కూడా గుర్తించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది దాన్ని కనుగొన్నారు.

కండరంలో ముఖ్యంగా రెండు రకాల పోగులుంటాయి. నెమ్మది పోగులు ఆక్సిజన్‌ను వాడుకుంటూ ఎక్కువసేపు పనిచేస్తాయి. మనం నిటారుగా నిలబడేది వాటి బలంతోనే. వేగపు పోగులు గంతుకూ పరుగుకూ పనికొస్తాయి. వీటిలో ఫాస్ఫోక్రియాటిన్ ఎక్కువ. పరుగు మొదటి కొన్ని సెకన్లలో ఆదుకునేది అదే. కాసేపు ఆగి ఊపిరి పీల్చుకుంటే ఆ నిల్వ మళ్ళీ నిండుతుంది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ మందు ఆయన నాయకత్వంలోనే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, స్వదేశానికి తిరిగి రాకుండానే కన్నుమూశారు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మిత్రులారా, మన ప్రయోగశాలలో పరీక్షనాళికలో అనుకున్న రంగు రాకపోతే వెంటనే పారబోయకండి. కాసేపు ఆగి, ఎందుకు రాలేదో ఆలోచించండి. రెండుసార్లు పరీక్ష తప్పిన ఆ భీమవరం కుర్రాడు చేసింది అదే.