ఫ్రెడరిక్ చార్లెస్ ఫ్రేజర్

ఫ్రెడరిక్ చార్లెస్ ఫ్రేజర్ (ఫిబ్రవరి 15, 1880 - మార్చి 2, 1963) ఆంగ్లేయ వైద్యుడు, ప్రముఖ కీటక శాస్త్రవేత్త. భారతదేశపు తూనీగల మీద, అందులోనూ ఆంగ్లంలో డామ్సెల్‌ఫ్లై అని పిలువబడే సన్న తూనీగల మీద ఇతడు చేసిన పరిశోధన నేటికీ ప్రామాణికంగా పరిగణింపబడుతున్నది. ఇతడు ఇంగ్లండులోని వూల్విచ్‌లో జన్మించాడు. ఇండియన్ మెడికల్ సర్వీసులో శస్త్రవైద్యుడుగా పనిచేసి లెఫ్టినెంట్ కల్నల్ హోదా పొందాడు. తూనీగల అధ్యయనం ఇతని ఉద్యోగంలో భాగం కాదు. వైద్యవృత్తి నడుమ చిక్కిన తీరికలో సాగించిన వ్యాసంగం.

సన్న తూనీగలు

ఫ్రేజర్ కృషిని అర్థం చేసుకోవడానికి ఈ కీటకాల గురించి కొంత తెలియాలి. తూనీగల క్రమానికి శాస్త్రనామం ఒడొనాటా. ప్రపంచంలో ఆరువేలకు పైగా జాతులున్న ఈ క్రమంలో దాదాపు సగం సన్న తూనీగలే. పిల్లలు తోకకు దారం కట్టి ఎగరవేసే పెద్ద తూనీగ వాలినప్పుడు రెక్కలను చాచి ఉంచుతుంది. సన్న తూనీగలలో అధికభాగం రెక్కలను వీపుపై దగ్గరగా చేర్చుకుంటాయి. వీటి కళ్ళు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి, ముందు వెనుక రెక్కలు ఇంచుమించు ఒకే ఆకారంలో ఉంటాయి. ఆడ కీటకం నీటిమొక్కల కాడలను చీల్చి అందులో గుడ్లు పెడుతుంది. నీటిలో పెరిగే పిల్లపురుగుకు తోక చివర ఆకుల వంటి మూడు మొప్పలుంటాయి. ఇది మడిచి ఉంచుకున్న క్రింది పెదవిని ఒక్కసారిగా ముందుకు చాచి దోమపిల్లల వంటి చిన్నజీవులను పట్టి తింటుంది.

చెరువు గట్ల గడ్డిలో కనిపించే పసుపుపచ్చని సెరియాగ్రియాన్ కోరమాండెలియానం ఈ వర్గానిదే. ఫాబ్రిసియస్ 1798లో వర్ణించిన ఈ జాతి పేరులో మన కోరమాండల్ తీరం పేరున్నది. కాసిపేట, గోదావరిఖని వంటి బొగ్గుగనుల ఊళ్ళవారికి కూడా ఇది కొత్త పురుగు కాదు; పేరే కొత్త.

భారతదేశంలో పరిశోధన

1918 నుండి ఫ్రేజర్ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భారతీయ తూనీగలపై ధారావాహికగా వ్యాసాలు వ్రాశాడు. అంతకుముందు ఈ రంగంలో జరిగిన పనిలో ఎక్కువ భాగం మ్యూజియం పెట్టెలలోని ఎండిన నమూనాల ఆధారంగా జరిగింది. బెల్జియంకు చెందిన సెలీ లాంగ్‌షాంప్ వంటి మహా పండితులు కూడా ఆ విధంగానే మన జాతులకు పేర్లు పెట్టారు. చనిపోయిన తూనీగ రంగు త్వరగా మాసిపోతుంది. ఫ్రేజర్ కొడగు, నీలగిరి ప్రాంతాల సెలయేళ్ళ వెంట స్వయంగా తిరిగి, సజీవ కీటకాల రంగులను, అవి సంచరించే చోట్లను, పిల్లపురుగులను పరిశీలించాడు. ఇతని వర్ణనల విలువ ఇక్కడే ఉన్నది.

1922లో ఎస్మే, మెలనోన్యూరా, ఫిల్లోన్యూరా అనే ప్రజాతులను స్థాపించాడు. ప్రోటోస్టిక్టా సాంగ్వినోస్టిగ్మా అనే జాతి కూడా అదే సంవత్సరంలో ఇతడు పేరుపెట్టినదే. రెక్క అంచున రక్తవర్ణపు మచ్చ ఉండుట చేత ఆ పేరు వచ్చింది. 1924లో పశ్చిమ భారత తూనీగల సర్వేను 30 కొత్త జాతుల వర్ణనతో ప్రచురించాడు. పశ్చిమ కనుమలకు దక్కిన ఈ శ్రద్ధ దక్కను పీఠభూమికి, గోదావరి లోయకు దక్కలేదు. వానలు, వాగులు ఎక్కువైన చోట జాతులూ ఎక్కువ కావడం ఇందుకు కొంత కారణం.

ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా గ్రంథమాలలో ఒడొనాటాపై ఇతడు రచించిన మూడు సంపుటాలు 1933, 1934, 1936 సంవత్సరాలలో వెలువడ్డాయి. సింహళం, బర్మాలతో సహా అప్పటికి తెలిసిన జాతులన్నీ వీటిలో ఉన్నాయి. సన్న తూనీగలు మొదటి సంపుటంలోను, రెండవదానిలో కొంత భాగంలోను వస్తాయి. మగవాటి తోక చివరి అంగాల రేఖాచిత్రాలు ఈ గ్రంథానికి ప్రాణం. దగ్గరి జాతులను వేరుచేయడానికి అవే ముఖ్యమైన గుర్తులు.

వర్గీకరణ

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త టిల్యార్డ్ 1937లో మరణించగా, అతడు విడిచిన పనిని ఫ్రేజర్ పూర్తిచేసి 1938-40 మధ్య ఇద్దరి పేరున ప్రచురించాడు. తన స్వంత సిద్ధాంతాన్ని 1957లో సిడ్నీలో వెలువడిన పుస్తకంలో వివరించాడు. దీనికి రెక్కల ఈనెల అమరికే ప్రధాన ఆధారం. శిలాజాలలో తరచు మిగిలేది రెక్క మాత్రమే కనుక ఈ పద్ధతితో ప్రాచీన కీటకాలను కూడా పోల్చవచ్చు. తూనీగలకు జ్ఞాతి అయిన మెగాన్యూరా, సుమారు 65 సెంటీమీటర్ల రెక్కల విస్తీర్ణం గలది, ఫ్రాన్సులోని కొమెంట్రీ బొగ్గుగనులలో బయటపడింది సరిగ్గా ఫ్రేజర్ పుట్టిన 1880లోనే.

అయితే ఈనెలు మోసం చేయగలవు. ఈనెలు తగ్గిపోయిన సన్న తూనీగలను ఫ్రేజర్ ప్రోటోన్యూరిడే అనే ఒకే కుటుంబంలో చేర్చాడు. డి.ఎన్.ఎ. ఆధారంగా 2014లో జరిగిన పునర్విభజనలో ఆ కుటుంబం రద్దయింది. అమెరికా ఖండాల జాతులు సీనాగ్రియోనిడేలోకి, ఎస్మే, మెలనోన్యూరాలతో సహా మన జాతులు ప్లాటిక్నెమిడిడేలోకి చేరాయి. వేర్వేరు వంశాలలో ఈనెలు వేర్వేరుగా తగ్గాయని దీని అర్థం. ఈ కారణంగా ఫ్రేజర్ గ్రంథాలకు కాలం చెల్లిందనడం సరికాదు. మారినది కుటుంబాల అమరిక; జాతుల వర్ణనలు చాలావరకు నిలిచే ఉన్నాయి. కొత్త జాతిని ప్రకటించదలచిన వారు నేటికీ ముందుగా ఇతని సంపుటాలతో సరిచూసుకుంటారు.

చివరి దశ

స్వదేశానికి తిరిగివెళ్ళిన తరువాత ఫ్రేజర్ బోర్న్‌మత్‌లో నివసిస్తూ ఆఫ్రికా, ఆస్ట్రేలియా తూనీగలపై కూడా వ్రాశాడు. ఆస్ట్రలేషియా తూనీగల కరదీపిక 1960లో, ఇతని ఎనభయ్యవ ఏట వెలువడింది. ఇతడు సేకరించిన నమూనాలు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి.