చెజారే లొంబ్రోసో

నేరం ఎంత ప్రాచీనమైనదో శిక్ష కూడా అంత ప్రాచీనమైనది. అయితే నేరం చేసిన మనిషి ఎటువంటివాడు, అతణ్ణి ఆ పనికి పురికొల్పినదేమిటి అనే విచారణ పంతొమ్మిదవ శతాబ్దంలో శాస్త్రరూపం ధరించింది. ఆ విచారణకు జీవితాన్ని అంకితం చేసినవారిలో ప్రముఖుడు ఇటలీ దేశపు వైద్యుడు చెజారే లొంబ్రోసో.

ఆయన 1835 నవంబరు 6వ తేదీన వెరోనా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. పావియా విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రం అభ్యసించి 1858లో పట్టా పొందాడు. మరుసటి సంవత్సరం సైన్యంలో వైద్యుడుగా చేరి, సైనికుల దేహప్రమాణాలను కొలిచి నమోదు చేశాడు. అనంతరం మానసిక రోగుల చికిత్సాలయాలలో పనిచేశాడు.

దక్షిణ ఇటలీకి చెందిన విల్లెల్లా అనే ఖైదీ మరణించిన పిమ్మట లొంబ్రోసో అతని కపాలాన్ని పరిశీలించాడు. దాని వెనుక భాగంలో అసాధారణమైన గుంట ఒకటి కనిపించింది. కొన్ని జంతువుల కపాలాలలో అటువంటి గుంట ఉంటుంది. దీనిని ఆధారం చేసుకొని, కొందరు ఆదిమ మానవుని లక్షణాలతో పుడతారనీ, వారు జన్మతః నేరస్థులనీ ఆయన భావించాడు. ఈ సిద్ధాంతాన్ని వివరిస్తూ 1876లో నేరస్థుని గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. ఆ సంవత్సరమే టురిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

నాటి నుండి కారాగారాలే ఆయనకు పరిశోధనాలయాలయ్యాయి. హంతకుల, దొంగల దవడలను, చెవులను, నుదుళ్ళను కొలిచాడు. వారి పచ్చబొట్లను, చేతివ్రాతను పరిశీలించాడు. ఖైదీలు గోడల మీద, నీటి కూజాల మీద వ్రాసుకొన్న మాటలను సైతం సేకరించి 1888లో పుస్తకంగా వెలువరించాడు.

అయితే ఖైదీలలో కనిపించిన లక్షణాలు సామాన్య ప్రజలలో ఎంతమందికి ఉన్నాయో ఆయన తగినంతగా పోల్చి చూడలేదు. సామాజిక పరిస్థితులే నేరానికి మూలమని ఫ్రాన్సు దేశపు పండితుడు లకసాన్ వాదించాడు. తరువాతి ముద్రణలలో లొంబ్రోసో కూడా దారిద్ర్యం, మద్యపానం వంటి కారణాలకు ఎక్కువ స్థానమిచ్చాడు. కాని జన్మతః నేరస్థులు ఉంటారన్న విశ్వాసాన్ని మాత్రం విడువలేదు.

1909 అక్టోబరు 19వ తేదీన ఆయన టురిన్‌లో మరణించాడు. ఆయన కోరిక మేరకు ఆయన అస్థిపంజరాన్ని తాను నెలకొల్పిన ప్రదర్శనశాలలోనే భద్రపరచారు. 1913లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు చార్లెస్ గోరింగ్ సుమారు మూడువేలమంది ఖైదీల కొలతలను ఇతరుల కొలతలతో పోల్చి, నేరస్థులకు ప్రత్యేకమైన రూపం లేదని నిరూపించాడు.

ముఖాన్ని చూచి మనిషిని దోషిగా ఎంచితే నిరపరాధులు బలి అవుతారు. లొంబ్రోసో సిద్ధాంతంలోని ప్రమాదం అదే. అయినప్పటికీ నేరంతోపాటు నేరస్థుణ్ణి కూడా అధ్యయనం చేయాలన్న ఆయన ఆలోచన నేరశాస్త్రానికి పునాది అయింది.