రెండు పిస్టన్ల మనిషి: ఎడ్వర్డ్ టర్నర్

స్క్రాంబ్లర్ అంటే ఏంటో బైకుల పిచ్చి ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారంలో ట్యాంకు, వెడల్పాటి హ్యాండిల్, పైకెత్తి కట్టిన సైలెన్సర్, గుబ్బల టైర్లు. చూడ్డానికి తాతల కాలం బండి, ధర మాత్రం లక్షల్లో. మన కొత్తగూడెం నుంచి పాల్వంచ దాకా తారు రోడ్డు మీద ఎంత హాయిగా పోతుందో, కిన్నెరసాని అడవి వైపు మట్టి దారిలోనూ అంతే ధైర్యంగా దిగుతుంది. ఈ రూపం ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే ట్రయంఫ్ కంపెనీ దగ్గర, అందులోనూ ముఖ్యంగా ఒక మనిషి దగ్గర ఆగుతాం. ఆయన పేరు ఎడ్వర్డ్ టర్నర్.

1901 జనవరిలో లండన్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటర్‌గా పనిచేశాడు. తర్వాత లండన్‌లోనే పెక్‌హామ్ రోడ్డులో చిన్న బైకుల షాపు పెట్టుకున్నాడు. పగలు బండ్లు అమ్మడం, రిపేర్లు. మిగిలిన టైంలో సొంత ఇంజన్ గీసుకోవడం. 350 సి.సి. సింగిల్ సిలిండర్ ఇంజన్ ఒకటి గీసి, దాంతో తన పేరు మీదే బండి కూడా తయారు చేశాడు.

ఆయన రెండో ఆలోచన ఇంకా పెద్దది. నాలుగు సిలిండర్లను చతురస్రంలా పేర్చి, రెండు క్రాంక్‌షాఫ్ట్‌లను గేర్లతో కలిపితే నాలుగు సిలిండర్ల ఇంజన్ కూడా చిన్న చోటులో ఇమిడిపోతుంది. ఆ డ్రాయింగ్ పట్టుకుని కంపెనీల చుట్టూ తిరిగితే బి.ఎస్.ఎ. కాదంది. ఏరియల్ కంపెనీలోని జాక్ సాంగ్‌స్టర్ మాత్రం ఉద్యోగమిచ్చి మరీ తీసుకున్నాడు. 1930లో లండన్ ఒలింపియా ప్రదర్శనలో స్క్వేర్ ఫోర్ అందరికీ కనపడింది.

1936లో ట్రయంఫ్ మోటార్‌సైకిళ్ల వ్యాపారం అమ్మకానికి వస్తే సాంగ్‌స్టరే కొని, కోవెంట్రీ ఫ్యాక్టరీని టర్నర్ చేతిలో పెట్టాడు. అప్పటికి టర్నర్‌కి 35 ఏళ్లు. జనరల్ మేనేజర్ ఆయనే, చీఫ్ డిజైనర్ కూడా ఆయనే. వెంటనే కొత్త ఇంజన్ జోలికి పోలేదు. ఉన్న సింగిల్ సిలిండర్ బండ్లకే మెరుగులు దిద్ది, క్రోమ్ పూత, మంచి రంగులు వేయించి, టైగర్ అని పేరు పెట్టి అమ్మాడు. డబ్బు చేతిలో ఆడిన తర్వాతే అసలు పని మొదలుపెట్టాడు.

ఆ అసలు పనే 1937లో వచ్చిన స్పీడ్ ట్విన్. మెకానికల్ వాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. 498 సి.సి., పక్కపక్కనే రెండు సిలిండర్లు. రెండు పిస్టన్లూ కలిసే పైకి వెళ్తాయి, కలిసే కిందికి దిగుతాయి. కానీ ఒకటి మండుతున్నప్పుడు రెండోది గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పీల్చుకుంటూ ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ సింగిల్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్క పవర్ స్ట్రోక్. ఇక్కడ ప్రతి చుట్టుకీ ఒకటి. లాగుడు సమానంగా ఉంటుంది, స్టార్ట్ చేయడం తేలిక, ఒక్క కార్బురేటర్ చాలు.

ఇంజన్ కంటే తెలివైన పని ఇంకోటి చేశాడు. ఈ ట్విన్‌ని ఇరుకుగా గీసి, సింగిల్ కోసం ఉన్న టైగర్ 90 ఫ్రేమ్‌లోనే ఇరికించాడు. ఫ్యాక్టరీకి కొత్త ఫ్రేమ్ ఖర్చు తప్పింది. రెండు సిలిండర్లంటే భయపడే కస్టమర్‌కి అది రెండు పైపులున్న సింగిల్ లాగే కనిపించింది. బరువు సుమారు 165 కిలోలు, పవర్ 27 హార్స్‌పవర్ దాకా. ఇంజనీరింగ్ డిగ్రీ లేని మనిషి బరువు, ఖర్చు, అందం, కొనేవాడి మనసు, ఈ నాలుగింటినీ ఒకే కాగితం మీద కలిపాడు. మనం సెమిస్టర్ల వారీగా విడివిడిగా చదివేది ఆయన ఒకేసారి చూశాడు.

సుఖంగా సాగిన జీవితం మాత్రం కాదది. 1939లో భార్య ఈడిత్ కారు ప్రమాదంలో చనిపోయింది. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకు కోవెంట్రీ నగరంతో పాటు ట్రయంఫ్ ఫ్యాక్టరీ కూడా ధ్వంసమైంది. 1942లో మెరిడెన్ అనే ఊరి దగ్గర కొత్త ఫ్యాక్టరీ లేచింది. మధ్యలో సాంగ్‌స్టర్‌తో గొడవపడి బి.ఎస్.ఎ.కి వెళ్లిపోయాడు, మళ్లీ తిరిగొచ్చాడు. కోపిష్టి. తన మాటే నెగ్గాలనే రకం. ఆయన ఆలోచనల్ని డ్రాయింగులుగా మార్చే జాక్ విక్స్ లాంటి వాళ్లు పక్కన లేకపోతే సగం బండ్లు కాగితం దాటేవి కావు.

ఇక మన స్క్రాంబ్లర్ కథ. 1948లో ఇటలీలోని శాన్ రెమోలో ఆరు రోజుల అంతర్జాతీయ ట్రయల్ జరిగింది. కొండలు, మట్టి, రాళ్లు. అందులో ట్రయంఫ్ ట్విన్‌లు బాగా రాణించాయి. ఆ గెలుపు పేరు మీదే టి.ఆర్.5 ట్రోఫీ మోడల్ వచ్చింది. దాని అల్యూమినియం సిలిండర్ బ్లాకు యుద్ధకాలంలో వైమానిక దళం కోసం చేసిన జనరేటర్ ఇంజన్ నుంచి తెచ్చుకున్నదే. పొట్టి ఫ్రేమ్, రాళ్లకి తగలకుండా పైకెత్తిన సైలెన్సర్. రోడ్డు మీద ఆఫీసుకెళ్లొచ్చు, ఆదివారం గుట్ట ఎక్కొచ్చు.

టర్నర్ చూపు మొదటి నుంచీ అమెరికా మీదే. ఏటా అక్కడికి వెళ్లి, కొనేవాళ్లు ఏం అడుగుతున్నారో వినేవాడు. వాళ్లకి పెద్ద ఇంజన్ కావాలి. 1949లో 650 సి.సి. థండర్‌బర్డ్ తెచ్చి, మూడు బండ్లను పారిస్ దగ్గర మోంట్‌లేరీ ట్రాక్ మీద గంటకు 90 మైళ్లకు పైగా సగటు వేగంతో 500 మైళ్లు పరుగెత్తించాడు. కాలిఫోర్నియా కుర్రాళ్లు ఈ ట్విన్‌లనే అక్కర్లేనివన్నీ పీకేసి, గుబ్బల టైర్లేసి ఎడారిలోకి దింపారు. హాలీవుడ్ హీరో స్టీవ్ మెక్వీన్ కూడా ఆ గుంపులోవాడే. 1963 నాటి ది గ్రేట్ ఎస్కేప్ సినిమాలో కంచె దూకిన బండి జర్మన్ వేషం వేసుకున్న ట్రయంఫే. ఆ దూకుడు దూకింది మాత్రం మెక్వీన్ కాదు, అతని మిత్రుడు బడ్ ఈకిన్స్.

1959 మోడల్‌గా బోనవిల్ వచ్చింది. ఇక్కడే టర్నర్ డిజైన్ లోపం బయటపడసాగింది. రెండు పిస్టన్లూ కలిసే కదులుతాయి కాబట్టి వైబ్రేషన్ తప్పదు. 500 సి.సి.లో ఓర్చుకోగలిగినది 650లో చేతులు తిమ్మిరెక్కించింది. నిలువునా చీలే క్రాంక్‌కేసు నుంచి ఆయిల్ కారడం ట్రయంఫ్ ఓనర్లకి అలవాటైపోయింది. ఒక్కసారి కుదిరిన డిజైన్‌ని తక్కువ ఖర్చుతో సాగదీస్తూ పోవడం ఆయన బలం, అదే ఆయన బలహీనత.

1951లోనే ట్రయంఫ్ 25 లక్షల పౌండ్లకు బి.ఎస్.ఎ. చేతికి వెళ్లింది. తర్వాత టర్నర్ ఆ గ్రూపు వాహన విభాగానికి అధిపతి అయ్యాడు. 1960లో జపాన్ వెళ్లి హోండా, సుజుకి, యమహా ఫ్యాక్టరీలు చూశాడు. అక్కడి యంత్రాలు, ఉత్పత్తి వేగం చూసి, ముప్పు ఏ స్థాయిలో ఉందో వివరంగా రిపోర్టు రాశాడు. ప్రమాదాన్ని ముందే కళ్లారా చూసినవాళ్లలో ఆయనొకడు. అయినా మెరిడెన్‌లో పాత మెషీన్లు పాతగానే ఉన్నాయి. రిపోర్టు రాసిన మనిషే అధికారంలోనూ ఉన్నాడన్నది మరిచిపోకూడదు.

1960ల మధ్యలో పదవి వదిలేశాడు. 1973 ఆగస్టు 15న చనిపోయాడు. సరిగ్గా నెల తిరిగేసరికి మెరిడెన్ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని యాజమాన్యం ప్రకటించింది. కార్మికులు గేట్లు మూసి లోపలే బైఠాయించారు. సింగరేణి నేల మీద పెరిగిన మనకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఆ పోరాటం కార్మికుల సహకార సంస్థగా మారి 1983 దాకా నడిచి ఆగిపోయింది. తర్వాత జాన్ బ్లోర్ అనే వ్యాపారి ఆ పేరు కొని, హింక్లీలో కొత్త ఫ్యాక్టరీ కట్టాడు. 2001లో బోనవిల్, 2006లో స్క్రాంబ్లర్ మళ్లీ పుట్టాయి. 2023లో బజాజ్‌తో కలిసి పుణె దగ్గర చాకన్‌లో 400 సి.సి. స్క్రాంబ్లర్ కూడా మొదలైంది.

ఈ కొత్త బండ్లను ఒకసారి పరిశీలనగా చూడండి. ట్యాంకు వంపు టర్నర్ కాలానిదే. లోపల మాత్రం పెద్ద స్క్రాంబ్లర్ ట్విన్‌లో పిస్టన్లు ఇప్పుడు కలిసి కదలవు, క్రాంక్‌ని 270 డిగ్రీలకు మార్చేశారు. 400లో ఉన్నది ఒకటే సిలిండర్, చల్లబరిచేది నీరు, ఫిన్స్ మాత్రం ఇంకా ఉన్నాయి. టర్నర్ గీతలో ప్రతి వంపుకీ ఒక అవసరం ఉండేది: బరువు తగ్గాలి, పాత ఫ్రేమ్‌లో పట్టాలి, రాయి తగలకూడదు. ఆ అవసరాలు మారాయి, అందం మిగిలింది. ఆయన వారసులు రూపాన్ని ఉంచుకుని లోపలి ఇంజన్‌ని మార్చే ధైర్యం చేశారు. బతికుండగా ఆయన చేయలేకపోయింది అదే. మనం డ్రాయింగ్ షీటు ముందు కూర్చునేటప్పుడు ఆయన నుంచి స్పీడ్ ట్విన్‌తో పాటు ఈ రెండో పాఠం కూడా నేర్చుకుంటే మంచిది.