నమ్మకమైన రాయబారి

ధ్యానమునకు: సామెతలు 25:13, 2 కొరింథీయులకు 5:20



ఆదోని కోట విజయనగర రాజుల ఏలుబడిలోనున్న కాలమున, దూరదేశపు రాయబారి యొకడు ఆ రాజధానికి వచ్చెను. మన పిల్లలు బడిలో చదువుకొను అబ్దుర్ రజాక్ ఇతడే. ఆ రాజధానియే నేటి హంపి. ఆదోనినుండి మనకది ఒకపూట ప్రయాణము; అతనికి పదునైదు నెలలు పట్టెను.

అతడు 1413లో, నేటి ఆఫ్గనిస్తానులోని హెరాతు పట్టణమున పుట్టెను. 1442 జనవరిలో షారూఖ్ చక్రవర్తి అతనిని కాలికట్టు రాజునొద్దకు పంపెను. హోర్ముజు రేవులో ఆలస్యమై, ఓడకు అనుకూలమైన గాలుల అదను తప్పెను. అరబ్బు తీరపు ఎండలలో అతడు జబ్బుపడెను. వెంటవచ్చిన అన్న ఆ ప్రయాణములోనే చనిపోయెను. నవంబరులో కాలికట్టు చేరినను, అచ్చట ఆదరము అంతంతమాత్రమే. అట్లు క్రుంగియున్న వేళ విజయనగర ప్రభువు రెండవ దేవరాయలు అతనిని పిలిపించెను.

1443 ఏప్రిలు చివర అతడు విజయనగరము చేరి, రాజునకు అయిదు గుఱ్ఱములను కానుకగా నిచ్చెను. దినమునకు రెండు గొఱ్ఱెలు, నాలుగు జతల కోళ్లు, బియ్యము, వెన్న, చక్కెర, రెండు వరహాలు అతనికి ఏర్పాటయ్యెను. వారమునకు రెండు మారులు సాయంకాలమున రాజు అతనిని పిలిచి, దుబాసీ ద్వారా ముచ్చటించుచుండెను.

అంతలో హోర్ముజు వారు కొందరు, ఇతడు చక్రవర్తి పంపినవాడు కాడని కొండెములు చెప్పిరి. ప్రధానమంత్రి ఊరలేని సమయమున, అతని స్థానమందున్న అధికారి దినబత్తెము నిలిపివేసెను. మంత్రి తిరిగివచ్చిన పిమ్మట ఆ అన్యాయమును సరిదిద్దెను. అయినను రాజు మనస్సులో అనుమానము మిగిలెను. సెలవిచ్చునప్పుడు రాజే ఆ మాట తెలిపెను. అట్లయినను అతనితోకూడ తన రాయబారులను పంపెను. 1444లో అతడు హోర్ముజు చేరెను, 1482లో మరణించెను.

తరువాత అతడు తన గ్రంథమున ఆ కొండెములను దాచలేదు. ఆ నగరపు గొప్పతనమును తగ్గించి వ్రాయనూ లేదు. ఏడు ప్రాకారములను, మహర్నవమి ఉత్సవమును మనసారా కొనియాడెను.

ప్రియులారా, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలనుండి మనవారు మిరపకోతలకు గుంటూరు వైపునకు, కూలిపనులకు బెంగుళూరునకు పోవుచున్నారు. అచ్చట మనలను అనుమానించువారుండవచ్చును, కూలి తగ్గించువారుండవచ్చును. అప్పుడు మనము ఎవరు పంపినవారమో మరువకుందము. రాయబారి విలువ అతనికి దొరకు బత్తెమును బట్టి కాదు, పంపినవానిని బట్టియే గదా! మనకు జరిగిన అన్యాయమును చెప్పుదము. అయితే కోపముచేత ఎదుటివారి మంచిని కాదనకుందము.

మరియొక మాట. మన ఊరికి పనికై వచ్చిన పరదేశిని గూర్చి ఎవడైన చెవిలో కొండెము చెప్పినయెడల, విచారింపకయే అతని కూలిని ఆపిన దినము మనకు లేదా? ఈ నెల ప్రార్థనలో దీనిని తలంచుకొందము.