నౌకాశిల్పి చాప్మన్

1628వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన స్వీడను రాజధానియగు స్టాక్‌హోమ్‌లో వాసా యను క్రొత్త యుద్ధనౌక తొలి ప్రయాణమునకు బయలుదేరెను. ఒడ్డున జనులు చూచుచుండగనే గాలి వీచెను; ఓడ ఒక ప్రక్కకు ఒరిగెను; తెరచియున్న ఫిరంగి కిటికీలలో నీరు చొరబడెను. మైలు దూరమైనను సాగకమునుపే ఆ మహానౌక మునిగిపోయెను. సుమారు 30 మంది ప్రాణములు కోల్పోయిరి. విచారణ జరిగెను గాని, తప్పు ఎవరిదని తేలలేదు. ఓడ నీటిలో ఎట్లు నిలుచునో ముందుగా లెక్కకట్టు విద్య అప్పటి శిల్పులకు లేదు. అనుభవమే వారికి గురువు. కంటి అంచనాయే కొలబద్ద.

ఆ కొరతను తీర్చుటకు పాటుపడినవారిలో అగ్రగణ్యుడు అదే దేశమున పుట్టిన ఫ్రెడ్రిక్ హెన్రిక్ చాప్మన్. ఆతడు 1721లో గోటెబర్గు పట్టణమున జన్మించెను. తండ్రి ఇంగ్లండునుండి వచ్చి స్వీడను నౌకాదళమున కొలువు చేసినవాడు. తల్లి లండనులో ఓడలు కట్టువాని కూతురు. బాలుడు సుత్తిచప్పుళ్ల నడుమ పెరిగి, చిన్ననాటనే ఓడల బొమ్మలు గీయనేర్చెను. యౌవనమున లండనుకు పోయి ఓడ వడ్రంగిగా పనిచేసెను. తిరిగి వచ్చి గోటెబర్గులో ఓడలు కట్టు వ్యాపారమును నడపెను.

చేతిపని చక్కగా అలవడెను గాని ఆతనికి తృప్తి కలుగలేదు. కట్టబోవు ఓడ ఎంతలోతు మునుగును? ఎంత బరువు మోయును? గాలికి ఒరిగినపుడు మరల నిలువగలదా? ఈ ప్రశ్నలకు ఉలియు బాడిసయు బదులీయజాలవు. కావున చాప్మన్ వ్యాపారమును విడిచి, ముప్పది యేండ్లకు చేరువైన వయసున మరల విద్యార్థి ఆయెను. స్టాక్‌హోమ్‌లో గణితమభ్యసించి, పిమ్మట లండనులో థామస్ సింప్సన్ అను ప్రసిద్ధ గణితవేత్తను ఆశ్రయించెను.

ఆ కాలమున దేశములు తమ యుద్ధనౌకల పటములను నిధులవలె దాచుకొనుచుండెను. ఇంగ్లండులోని నౌకాశాలలను చూచి చిత్తరువులు గీసికొనుచున్న ఈ పరదేశిని అధికారులు అనుమానించిరి. 1753లో ఆతనిని నిర్బంధించి, సుమారు ఒక నెల కావలిలో ఉంచి విడిచిరి. చాప్మన్ వెనుదీయలేదు. హాలెండు, ఫ్రాన్సు దేశములలోను నౌకానిర్మాణమును పరిశీలించి 1757లో స్వదేశమునకు మరలెను.

ఓడ పొట్ట అన్ని వైపుల వంపులు గలది. దానిని చదునైన కాగితముపై చూపుట ఎట్లు? ఒక సొరకాయను మూడు విధముల కోయవచ్చును: నిలువుగా పొడవునను, నీటిమట్టమువలె అడ్డముగా పొడవునను, చక్రములవలె ముక్కలుగను. ఓడను కూడ అట్లే మూడు విధముల కోసినట్లు భావించి, ఆ కోతల అంచులను మూడు చిత్తరువులుగా గీయుదురు. కుడి ఎడమలు సమానము గనుక సగమే గీసిన చాలును. ఒక చిత్తరువులోని బిందువు తక్కిన రెండింటిలోను సరిపోవలెను. సరిపోనిచో వంపులో తప్పున్నదని తెలియును. కొయ్య నరుకక మునుపే కాగితముమీద ఆ తప్పును దిద్దవచ్చును.

చాప్మన్ అంతటితో ఆగలేదు. ఒక్కొక్క కోతపై సమదూరములలో వెడల్పులు కొలిచి, సింప్సన్ సూత్రముచే వైశాల్యములను, వానినుండి మునిగిన భాగపు ఘనపరిమాణమును లెక్కించెను. తేలు ఓడ బరువు, అది తొలగించిన నీటి బరువునకు సమానము. కాబట్టి ఓడ ఎంత లోతున తేలునో కట్టకమునుపే తెలియవచ్చెను. ఓడ ఒరిగినపుడు నీటి ఒత్తిడి దానిని మరల నిలబెట్టునో పడద్రోయునో ఫ్రెంచి పండితుడు బుగేర్ 1746లో వివరించియుండెను. ఆ సిద్ధాంతమును చాప్మన్ శిల్పుల పనిలోనికి తెచ్చెను.

1768లో ఆతడు నానావిధములైన ఓడల పటములను 62 పెద్ద ఫలకములుగా అచ్చువేయించెను. పటములు గీసినందుకు నిర్బంధింపబడినవాడే తన పటములను లోకమున కెల్ల పంచిపెట్టెను! 1772లో రాజు ఆతనికి ప్రభువంశపు గౌరవమొసగెను. 1775లో నౌకానిర్మాణ శాస్త్రమును వివరించు గ్రంథము వెలువడెను.

ఆ విద్యకు కార్ల్స్‌క్రోనా నౌకాశాలలో గొప్ప పరీక్ష జరిగెను. 1782 మొదలు 1785 వరకు చాప్మన్ పర్యవేక్షణమున పది పెద్ద యుద్ధనౌకలును, పది ఫ్రిగేట్లును తయారయ్యెను. ఒక్కొక్క తరగతి ఓడలకు ఒకే పటము ఆధారము. అంచనాపై కట్టు పద్ధతిలో రెండు ఓడలు సరిగా ఒకేరీతి నుండుట అరుదు. పటము ప్రమాణమైనందున పని వేగముగా, క్రమముగా సాగెను.

డెబ్బది యేండ్లు దాటినను ఆతని జిజ్ఞాస చల్లారలేదు. పట్టణమునకు చేరువనున్న షేర్వా యను తన నివాసమున కొలను ఏర్పరచి, చిన్న నమూనాలను నీటిపై లాగించి, ఏ ఆకారమునకు నీరు ఎంత అడ్డుపడునో కొలిచెను. 1808 ఆగస్టు 19వ తేదీన, 86 ఏండ్ల వయసున, కార్ల్స్‌క్రోనాలో కన్నుమూసెను.

సముద్రగర్భమునుండి వాసా నౌకను 1961లో పైకెత్తిరి. నేర్పరులైన శిల్పుల చేతిపనియై, అందమైన చెక్కడములతో అది నేటికిని స్టాక్‌హోమ్‌లో నిలిచియున్నది. దానికి లోపించినది శ్రమ కాదు, నేర్పు కాదు. ముందుగా కట్టవలసిన లెక్క. ఆ లెక్కను శిల్పుల చేతికందించుటయే చాప్మన్ జీవితకార్యము.