ఘనపదార్థాల గొంతు విన్న సూరి భగవంతం



సంతలో కుండ కొనేటప్పుడు మన అమ్మలు వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే బీట ఉన్నట్టు. వస్తువును పగలగొట్టకుండా శబ్దంతోనే దాని గుణం తెలుసుకునే ఈ విద్యను ప్రయోగశాలలో శాస్త్రంగా సాధన చేసిన తెలుగువారు డాక్టర్ సూరి భగవంతం గారు.

ఆయన 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివారు. 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ గారి వద్ద పరిశోధనలో చేరారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరమే అది. 1931లో గురుశిష్యులిద్దరూ కాంతి కణానికి స్పిన్ ఉందనడానికి ప్రయోగం ద్వారా ఆధారం చూపారు.

1932లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. అక్కడ శిష్యులతో కలిసి అతిధ్వనులపై కృషి చేశారు. సెకనుకు 20,000 కంపనాలు దాటిన ధ్వని మన చెవికి వినపడదు. అలాంటి ధ్వనిని స్ఫటికంలోకి పంపి దాని వేగాన్ని కొలిస్తే, ఆ పదార్థం ఎంత గట్టిదో లెక్కకట్టవచ్చు. భీమసేనాచార్ గారితో కలిసి వజ్రం స్థితిస్థాపక గుణకాలను కొలిచి 1946లో ప్రకటించారు.

తరువాత 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా ఉపకులపతిగా, 1957 నుంచి 1962 వరకు బెంగళూరు భారత విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా, 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. హైదరాబాదులో రక్షణ లోహ పరిశోధనాలయం ఏర్పడినది ఆ కాలంలోనే, 1963లో. 1989 ఫిబ్రవరి 6న ఆయన కన్నుమూశారు.

ఆయన ధ్వనిని వస్తువులోకి పంపి పరీక్షించారు. వస్తువు తానే చేసే చప్పుడును వినే పద్ధతి మరొకటి ఉంది. దాని పేరు అకౌస్టిక్ ఎమిషన్. లోహంలో చీలిక పెరిగినప్పుడల్లా సన్నని ధ్వని పుడుతుంది. బాయిలరుకు, వంతెనకు, తిరిగే బేరింగుకు అతికించిన సెన్సార్లు దాన్ని పట్టుకుంటాయి. ఒకసారి బరువు మోసిన లోహం, అంతకు మించిన బరువు పడేదాకా మౌనంగా ఉంటుందని 1950లో జర్మనీకి చెందిన జోసెఫ్ కైజర్ తెలిపారు. అంతకంటే తక్కువ బరువుకే చప్పుడు చేసిందంటే లోపల దెబ్బ తగిలిందని అనుమానించాలి. మన శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ల మోటారు కవచాలను పీడనంతో పరీక్షించేటప్పుడు కూడా ఇలాగే వింటారు.

చప్పుడు ఏ సెన్సారుకు ముందు చేరింది, ఏ సెన్సారుకు తరువాత చేరింది అన్న తేడాను బట్టి చీలిక ఉన్న చోటు తెలుస్తుంది. కానీ ఆ లోహంలో ధ్వని వేగమెంతో తెలియకపోతే ఆ లెక్క తేలదు. ఘనపదార్థాల్లో ధ్వని వేగాన్ని కొలవడానికే భగవంతం గారు వాల్తేరులో ఏళ్ల తరబడి శ్రమించారు. ఆ శ్రమ విలువ ఇక్కడ తెలుస్తుంది.

కాణిపాకం వినాయకుని ముందు అబద్ధమాడాలంటే మనవాళ్లు భయపడతారు. లోహం ఎవరి ముందూ అబద్ధమాడదు. పగిలే ముందే చెబుతుంది, వినేవాళ్లే కావాలి. బాయిలరు పక్కన నిలబడి పనిచేసేది మనలాంటి ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లే. వాళ్ల ప్రాణం కాపాడే ఈ విద్యను హాస్టలు తమ్ముళ్లు, చెల్లెళ్లు నేర్చుకోవాలని, భౌతికశాస్త్రమంటే భయపడవద్దని మేము కోరుతున్నాము.