చీమల జాడ పట్టిన జెర్డాన్ దొర

నెల్లూరు: కోతలు ముగిసిన మాగాణిలో గట్టు వెంట నడిచే వారికి చీమలబారు కొత్త కాదు. తనకంటే బరువైన గింజను కరచుకొని చీమ పుట్టకేసి సాగిపోవడం, పుట్ట వాకిట పొట్టు గుట్టగా పడి ఉండడం మన రైతులు తరతరాలుగా చూస్తున్నదే. చీమ గింజలను దాచుకుంటుందన్న ఈ చిన్న సంగతిని పందొమ్మిదో శతాబ్ది యూరప్ పండితులు పలువురు నమ్మలేదంటే ఆశ్చర్యం కలుగుతుంది. కళ్లారా చూసిన దానిని కాగితం మీద పెట్టి ఆ అపనమ్మకాన్ని కదిలించిన కొద్దిమందిలో ఒకప్పటి నెల్లూరు సివిల్ సర్జన్ ఒకరు. ఆయనే థామస్ కావర్‌హిల్ జెర్డాన్.

జెర్డాన్ పేరు వినగానే నెల్లూరు, కడప జిల్లాల వారికి కలివికోడి జ్ఞాపకం వస్తుంది. ఆ పక్షికి ఆంగ్లంలో ఆయన పేరే స్థిరపడింది. పక్షి కీర్తి పెద్దది కావడంతో దాని చాటున ఆయన చేసిన చీమల పరిశోధన మరుగున పడింది. పక్షులను వెతికే వాడు తల పైకెత్తి నడుస్తాడు. నేల మీది పుట్ట దగ్గర మోకరిల్లి గంటల తరబడి చూసే ఓపిక కూడా అదే మనిషికి ఉండడం అరుదు.

జెర్డాన్ 1811 అక్టోబరు 12న ఇంగ్లండులోని డర్హం ప్రాంతంలో జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యవిద్య అభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువులో అసిస్టెంట్ సర్జన్‌గా 1836లో మద్రాసు చేరుకున్నారు. తొలి మజిలీ గంజాం. నేడు ఒడిశాలో ఉన్న ఆ ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. జ్వరాలు, రక్తవిరేచనాలతో బాధపడుతున్న సైనికులకు చికిత్స చేయడం ఆయన విధి. పని తీరిన వేళ తూర్పు కనుమల్లోని పక్షులను పరిశీలించేవారు. మరుసటి ఏడాది అశ్వికదళంతో తిరుచిరాపల్లికి బదిలీ అయ్యారు. ఆ తరువాత జీవితమంతా ఒక ఊరు కుదురుకునే లోగా మరో ఊరికి ప్రయాణం కట్టవలసిన ఉద్యోగమే. మనసుకు నచ్చని బదిలీని శిక్షగా భావించే ఉద్యోగులను నేడు చూస్తున్నాము. జెర్డాన్‌కు మాత్రం ప్రతి బదిలీ కొత్త నేలను, ఆ నేల మీది కొత్త ప్రాణులను చూపింది.

పురుగుల పాలైన సేకరణ

ఆ తొలి రోజుల్లోనే ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. తాను సేకరించిన పక్షి చర్మాలను పేర్లు నిర్ధారించమని కోరుతూ స్కాట్లండులోని ప్రఖ్యాత పక్షి శాస్త్రజ్ఞుడు సర్ విలియం జార్డిన్‌కు ఓడలో పంపారు. నెలల ప్రయాణానంతరం పెట్టెలు విప్పి చూసేసరికి చిమ్మటలు పట్టి అవి చెడిపోయి ఉన్నాయి. ఎండలో తిరిగి, గురి చూసి కొట్టి, చర్మం ఒలిచి, ఎండబెట్టి భద్రపరచిన శ్రమ పురుగుల పాలైంది.

అంతటితో వేరొకరైతే చేతులెత్తేసేవారు. జెర్డాన్ మాత్రం దూరదేశపు పండితుని మాట కోసం ఎదురుచూడడం మాని, తన కళ్లను, తన రాతను నమ్ముకున్నారు. దక్షిణ భారత పక్షుల జాబితాను 1839 నుంచి మద్రాసు సాహిత్య, విజ్ఞాన పత్రికలో భాగాలుగా ప్రకటించారు. నాలుగు వందలకు పైగా జాతులను అందులో పేర్కొన్నారు. 1843, 1847 మధ్య యాభై చిత్రాలతో ఒక పక్షి గ్రంథాన్నీ వెలువరించారు. ఆ బొమ్మలకు రంగులద్దిన వారు భారతీయ చిత్రకారులే.

నెల్లూరులో యానాదులే గురువులు

1841లో నీలగిరిలో ఫ్లోరా మాక్లియాడ్‌ను వివాహమాడిన జెర్డాన్, ఆ దశాబ్దంలోనే నెల్లూరు సివిల్ సర్జన్‌గా బాధ్యతలు చేపట్టారు. ఇక్కడ ఆయనకు పుస్తకాల్లో దొరకని విద్య లభించింది. దానిని నేర్పిన వారు యానాదులు. అడవిలో మూలికలు, తేనె సేకరించడం, చెరువుల్లో చేపలు పట్టడం, పొలాల్లో ఎలుక బొరియలు తవ్వి అవి దాచుకున్న వడ్లను వెలికి తీయడం యానాదుల జీవనంలో భాగం. నేల మీద మట్టి కాస్త చెదిరినా ఏ ప్రాణి నడిచిందో చెప్పగల నేర్పరులు వారు. పక్షుల, జంతువుల స్థానిక నామాలను, అలవాట్లను జెర్డాన్ వారి నుంచి సేకరించారు. తన పక్షి గ్రంథాల్లో తెలుగు పేర్లకూ చోటు కల్పించారు. చదువుకున్న దొర చదువులేని వారి వద్ద శిష్యరికం చేయడం ఆ కాలానికి చిన్న విషయం కాదు. అయితే పుస్తకం అట్ట మీద పేరు మాత్రం దొరదొక్కటే అన్నది కూడా చెప్పుకోవలసిందే.

కలివికోడి ఈ ప్రాంతం నుంచే ఆయన చేతికి చిక్కింది. దానిని 1848లో కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1900 తరువాత జాడ లేక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల చెంత మళ్లీ కనిపించింది. ఆ కథ పత్రికల్లో పలుమార్లు వచ్చినదే కాబట్టి ఇక చీమల దగ్గరకు వద్దాం.

చీమల చిట్టా

నెల్లూరు తరువాత జెర్డాన్ మలబారు తీరాన తలిచేరిలోనూ పనిచేశారు. తిరిగిన చోట్ల చూసిన చీమలను గుదిగుచ్చి, 1851లో దక్షిణ భారత చీమల జాబితాను మద్రాసు పత్రికలో ప్రకటించారు. నలభైకి పైగా జాతుల వివరాలు అందులో ఉన్నాయి. 1854లో లండను పత్రిక ఒకటి దానిని పునర్ముద్రించింది.

చేతిలో భూతద్దం, సారాయి పోసిన సీసా, కలం, కాగితం ఇవే పరికరాలు. చీమ పొడవును అంగుళంలో భిన్నాలుగా కొలవాలి. తల ఆకారం, దవడల తీరు, ఎదకు పొట్టకు నడుమ ఉండే సన్నని నడుము, దాని మీది కణుపు, రంగు ఒక్కొక్కటిగా రాయాలి. జెర్డాన్ అక్కడితో ఆగలేదు. ఆ చీమ ఎక్కడ గూడు కడుతుంది, ఏమి తింటుంది, ఒంటరిగా వేటాడుతుందా, బారులు తీరుతుందా, కుడితే ఎంత మంట పుడుతుంది అన్నవీ చేర్చారు. ఆఖరి వివరం రాయాలంటే పరిశోధకుడు తన చేతినే చీమకు అప్పగించక తప్పదు!

గింజలు దాచే చీమల గురించి ఆయన రాసిన భాగం నేటికీ చదవదగినది. తోటలో కుండీల్లో చల్లిన కూరగాయల విత్తులను చీమలు ఒక్క రాత్రిలో ఎత్తుకుపోగలవనీ, కుండీల చుట్టూ నీళ్లు నిలిపితే తప్ప విత్తు దక్కదనీ ఆయన నమోదు చేశారు. చక్కెర డబ్బాను నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచే మన ఇల్లాళ్లకు ఈ ఉపాయం చెప్పవలసిన పని లేదు. కానీ యూరప్‌లో పరిస్థితి వేరు. అక్కడి చలిదేశాల చీమలు శీతకాలమంతా కదలక మెదలక పడి ఉంటాయి, వాటికి ధాన్యపు నిల్వతో పని లేదు. తమ పెరటి చీమలను చూసిన పండితులు, గింజలు దాచే చీమ అన్న ప్రాచీనుల మాటను కట్టుకథగా కొట్టిపారేశారు. చీమలు మోసుకుపోయే తెల్లని గూటిపురుగులను చూసి పూర్వులు గింజలని భ్రమించారని వాదించారు.

ఈ వాదాన్ని పుణె ప్రాంతంలో కల్నల్ సైక్స్ చూసిన ఉదంతం మొదట కుదిపింది. వానకు తడిసిన గడ్డి గింజలను చీమలు బయటకు తెచ్చి ఎండబెట్టడం ఆయన గమనించారు. జెర్డాన్ పరిశీలన దానికి బలం చేకూర్చింది. చివరకు దక్షిణ ఫ్రాన్సులోని మాంతోన్‌లో పుట్టలు తవ్వి, గింజల కొట్లను స్వయంగా చూసిన మాగ్రిడ్జ్ అనే యువకుడు 1873లో పుస్తకం ప్రచురించి వివాదానికి తెర దించారు. జెర్డాన్ రాతలను ఆయన అందులో సాక్ష్యంగా స్వీకరించారు. అప్పటికే జెర్డాన్ కన్నుమూశారు.

మామిడి చెట్ల మీద ఆకులను కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమల గురించి కూడా జెర్డాన్ ఒక చమత్కారమైన సంగతి నమోదు చేశారు. ఇళ్లలో కందిరీగలు గూడు పెడితే వాటిని తుడిచిపెట్టేందుకు ఈ చీమలను వాడతారని విన్నారట. కందిరీగలు పోతాయి గానీ, రెచ్చిపోయిన చీమలు ఇంటివారి మీద పడి అంతే బాధ పెడతాయని ఆయన ముక్తాయింపు.

ఎగిరి దూకే చీమ

జాబితాలో మిన్న అయినది దూకుడు చీమ. కొడవళ్ల వంటి పొడవాటి దవడలు, పెద్ద కళ్లు గల ఈ చీమ ఒంటరిగా తిరుగుతూ చిన్న పురుగులను వేటాడుతుంది. మొక్కల వేళ్ల చెంత గూడు చేసుకుంటుంది. బెదిరినప్పుడు అంతెత్తున దూకుతుందనీ, జగడాలమారి అనీ, కరుపు, కుట్టు రెండూ తీవ్రమనీ ఆయన రాశారు. అప్పటికి ఉన్న ఏ ప్రజాతిలోనూ ఇమడనందున దానికోసం హార్పెగ్నాథస్ అనే కొత్త ప్రజాతినే ఏర్పరిచారు. దూకే గుణాన్ని బట్టి సాల్టేటర్ అని పేరు పెట్టారు.

ఈ చీమ ఇప్పుడు ప్రపంచ ప్రయోగశాలల్లో ప్రసిద్ధి పొందింది. 2010లో మొదటిసారిగా జన్యుపటం వెలువడిన రెండు చీమ జాతుల్లో ఇదొకటి. రాణి మరణిస్తే కూలి చీమలు మీసాలతో పరస్పరం పోటీపడతాయి. గెలిచినవి గుడ్లు పెట్టే స్థాయికి ఎదుగుతాయి. నెలల్లో ముగియవలసిన వాటి ఆయుష్షు సంవత్సరాలకు పెరుగుతుంది. అలా మారిన చీమ మెదడు కుంచించుకుపోతుందనీ, తిరిగి కూలి జీవితానికి మళ్లిస్తే మెదడు మళ్లీ పెరుగుతుందనీ 2021లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఇవేవీ జెర్డాన్ ఊహించి ఉండరు.

ఆయన పొరపాట్లూ చేశారు. ఎండు కొమ్మల తొర్రల్లో నివసించే, ఎర్రని ఎద, నల్లని తల, నల్లని పొట్ట గల చెట్టుచీమను ఎసిటాన్ ప్రజాతిలో చేర్చారు. ఎసిటాన్ అంటే అమెరికా ఖండపు దండయాత్ర చీమలు. మన చెట్టుచీమకు వాటితో దగ్గరి చుట్టరికం లేదు. తరువాతి వారు దానిని టెట్రాపోనెరాలోకి మార్చారు. గ్రంథాలయాలకు వేల మైళ్ల దూరంలో కూర్చుని రాసిన వానికి ఇటువంటి తప్పు దొర్లడం వింత కాదు.

ఆ తరువాత జెర్డాన్ మధ్య భారతంలోని సాగరుకు వెళ్లారు. గవర్నర్ జనరల్ కానింగ్ ప్రోత్సాహంతో ప్రత్యేక విధుల్లో నియమితులై 1862 నుంచి 1864 వరకు భారత పక్షుల గ్రంథాన్ని, 1867లో క్షీరదాల గ్రంథాన్ని వెలువరించారు. సరీసృపాలు, మంచినీటి చేపల మీదా రాశారు. చీమల వైపు అంత పెద్ద ప్రయత్నంతో తిరిగి రాలేదు. అది చీమల శాస్త్రానికి లోటే. అస్సాంలో పర్యటిస్తూ తీవ్ర జ్వరం బారిన పడి, 1870లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లారు. ఆరోగ్యం కుదుటపడలేదు. 1872 జూన్ 12న లండను శివారు అప్పర్ నార్‌వుడ్‌లో కన్నుమూశారు. మిత్రుడు వాల్టర్ ఇలియట్ ఆయన జీవిత విశేషాలను అక్షరబద్ధం చేశారు. గుంటూరులో కమిషనరుగా పనిచేసిన ఇలియట్ దొర ఈయనే.

జెర్డాన్ పేర్లు పెట్టిన చీమల తొలి నమూనాల్లో అధికభాగం నేడు ఏ ప్రదర్శనశాలలోనూ లేవు. ఎదురుగా చీమ లేనప్పుడు మిగిలేది రాత ఒక్కటే. 1903లో బ్రిటిష్ ఇండియా చీమల గ్రంథం రాసిన బింగ్‌హాం మొదలు నేటి పరిశోధకుల వరకు, ఆయన వాక్యాలను ముందు పెట్టుకొని బతికున్న చీమలతో పోల్చి చూడవలసి వచ్చింది. వివరం సమగ్రంగా ఉన్నచోట చీమ దొరికింది. రెండు ముక్కలతో సరిపెట్టిన చోట ఆ పేరు ఏ చీమదో తేలక కొన్ని పేర్లు అనాథలుగా మిగిలిపోయాయి.

తేలిన పేర్ల వెనుక శాస్త్ర సంప్రదాయం ప్రకారం ఆయన పేరు, 1851 అనే సంవత్సరం నేటికీ రాస్తారు. ప్రజాతి మారిన చీమ అయితే ఆ రెండింటినీ కుండలీకరణంలో ఉంచాలన్నది నియమం. చెట్టుచీమ పేరు వెనుక జెర్డాన్ కుండలీకరణంలో కనిపిస్తారు. బారులు తీరి నడిచే లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్ వెనుకా అంతే. దూకుడు చీమ పేరు వెనుక మాత్రం ఆ గీతలు లేవు.